మూడో మలుపులో గంట

స్కీయింగ్ రాని నాకు మా టిరోల్ మంచుకొండ మీద ఉన్న సరదా ఒక్కటే. సాయంత్రం కొండపైన నోట్‌బుర్గా అనే ఆవిడ నడిపే సత్రం దాకా నడిచి, వేడి సూపు తాగి, చీకటి పడ్డాక చెక్క మంచుబండి మీద ఊళ్లోకి జారడం.

ఆ రాత్రి పొగమంచు. మూడో మలుపు దగ్గర ఎదురుగా ఆవు మెడగంట మోగింది. ఢీకొడతానేమోనని మడమలు మంచులో తన్నిపట్టి ఆగాను. గంట కూడా ఆగింది. లాంతరెత్తి చూస్తే ఆవు లేదు. నా కాళ్ల ముందు దారీ లేదు. విరిగి లోయలోకి జారిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది. చలికాలం వస్తోందని ఆవులన్నీ సెప్టెంబరులోనే కొండ దిగిపోయాయి.

తిరిగి సత్రానికి ఎక్కాను.

"ఏమ్మా, అప్పుడే వచ్చేశావ్? బండి విరగ్గొట్టావా?" అంది నోట్‌బుర్గా.

చెప్పాను. ఆవిడ ముందు ఫోన్ చేసి దారి మూయించింది. తర్వాత గోడకున్న పెద్ద గంట చూపించింది.

"మందకు ముందు నడిచే మా ఆవు లీజిది. నిరుడు ఆ మలుపులోనే పడి చచ్చిపోయింది. ఆవు పోయిన ఏడు మన టిరోల్‌లో గంటలు మోగనివ్వం కదా, అందుకే దీంట్లో గడ్డి కుక్కాను. ఇంకా తియ్యబుద్ధి కాలేదు."

గంట లోపల గడ్డి అలాగే ఉంది. ఆ వెచ్చటి గదిలో కూడా దాని మీద మంచు ఇంకా కరగలేదు.

"లీజికేం ఇష్టం?" అడిగాను.

"ఉప్పు."

గుప్పెడు ఉప్పు పోసుకుని గంట కింద అరచెయ్యి చాచాను. "బతికించావు తల్లీ."

వెచ్చగా, గరుగ్గా ఒక నాలుక నా చెయ్యి నాకింది.

నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు.