డిల్విన్ కొలతల చొక్కా

"ఎవరిదిది, సిస్టర్?" ఇంటర్వ్యూ గదిలో కుర్చీకి తగిలించిన కొత్త యూనిఫాం చొక్కా చూసి అడిగింది ఇంటర్వ్యూకి వచ్చిన ఫిజియోథెరపిస్టు మెరెరిడ్.

"ఈ ఉద్యోగానిదే. రోగుల్ని సొంతంగా చూసి మందులు రాసే పెద్ద ఉద్యోగం కదా! మా నర్సు డిల్విన్ కొలతలకి ముందే కుట్టించాం," అంది హెడ్‌నర్సు నెస్టా.

"ఈ ఉద్యోగానికి ఫిజియోలూ రావచ్చన్నారుగా?"

"వద్దన్నామా? వచ్చావుగా!"

మెరెరిడ్ చొక్కా తీసి తొడుక్కుంది. చేతులు మాయమయ్యాయి. అంచు మోకాళ్లు దాటింది. రోగుల తరఫున ఇంటర్వ్యూ చేయడానికి కూర్చున్న ముసలి ఇడ్రిస్ టీ పొలమారేలా నవ్వాడు.

"నప్పలేదు," అంది నెస్టా.

"నప్పనిది చొక్కా. ఉద్యోగం సంగతి మీరింకా అడగనేలేదు!"

ఇడ్రిస్ నవ్వు ఆగింది. "అవునమ్మా నెస్టా, ఈ పిల్లని మనం ఒక్క ప్రశ్నా అడగలేదే?"

నెస్టా ముఖం ఎర్రబడింది. "సరే, అది విప్పేసి కూర్చో."

"విప్పను సిస్టర్, చలిగా ఉంది. అడగండి."