ముద్దాయికే దక్కిన గొంతు

“ఆ మొగుణ్ణి చంపినదాని కోసం కోర్టు అదిరిపోయేలా మాట్లాడారట! ఇంట్లో నాతో మాత్రం గుసగుసలే!” టీ గ్లాసు బల్లమీద ఠక్కున పెట్టింది గ్లఫీర.

కోటుకున్న ప్లీడరు గుర్తు వెండిబిళ్ళ తీస్తూ, “మెల్లగా!” అన్నాడు ఆమె భర్త లవ్రేంతి.

“చూశారా! అది ఏడిస్తే మీకూ కన్నీళ్ళొచ్చాయట. పీటర్స్‌బర్గంతా అదే మాట.”

అతను కిటికీలోంచి కిందికి చూపించాడు. వాకిలి ఊడుస్తున్న కాపలావాడు చీపురాపి వింటున్నాడు.

“వాడు విన్నదంతా సాయంత్రానికి పోలీసులకు చేరుతుంది. జారుగారి రాజ్యంలో ప్లీడర్లంటూ పుట్టాక, గొంతెత్తడానికి దొరికిన చోటు ఆ కోర్టొక్కటే. అదీ ముద్దాయి కోసమే.”

గ్లఫీర కిటికీ మూసింది. అతని చెవి దగ్గరికొచ్చి గుసగుసగా అడిగింది:

“అయితే నా కోసం గొంతెత్తాలంటే, నేనెవర్ని చంపాలండీ?”