లెక్క పిలిచే గొంతు

“గుండు సంచిలో పడితే లెక్క పిలువు. పడకుంటే దెబ్బ తిను. ఇంతేరా ఈ పొద్దు ఆట,” అన్నాడు కొల్లప్ప, కర్ర కొనకు సుద్ద రుద్దుతూ.

నాగలమడిక చుట్టుపక్కల బిలియర్డు బల్ల ఉన్నది కల్లు గుత్తేదారు కొల్లప్ప ఒక్కడికే. ఊరు విడిచిపోయే తెల్లదొర దగ్గర కొని, ఎద్దులబండి మీద తెప్పించి, దానికోసమే ఇంటి పక్కన పెంకుల గది కట్టించాడు. ఆట మాత్రం గుడ్డెద్దు చేలో పడినట్టు ఆడతాడు. బల్ల మీద పచ్చగుడ్డ దులిపేదీ, గుండ్లు అందించేదీ, లెక్క పిలిచేదీ మారన్న. ఆ మధ్యాహ్నం అదే మారన్నను పెడరెక్కలు విరిచి గది స్తంభానికి కట్టేశారు. కొల్లప్ప మనిషి బొమ్మన్న ఇంకో కర్రను తిరగేసి, లావు వైపు పైకెత్తి పక్కన నిలబడ్డాడు.

ఆ ఏడు మైసూరు సీమలో కల్లు తీసే ఈతచెట్లు నరకడమే సత్యాగ్రహం. కొల్లప్ప ఈతవనం సగం తెల్లారేసరికి నేల మీద పడి ఉంది. పడిన చెట్ల నడుమ మారన్న గొడ్డలి దొరికింది.

కొల్లప్ప కొట్టాడు. గుండు బల్ల అంచుకు తగిలి వెనక్కి దొర్లింది. బొమ్మన్న కర్ర మారన్న పక్కటెముకల మీద పడింది.

“గొడ్డలి నీది. చెయ్యెవరిది?”

“నాదే, అయ్యా.”

“ఈతచెట్టు నరికినోణ్ణి ముళ్లు గీరకుండా ఇడుస్తాయా? నీ చేతులు సూడు, ఎంత నున్నగా ఉండాయో! ఊళ్లో మగోళ్ల చేతులన్నీ సూసొచ్చినాడు బొమ్మన్న. ఒక్కనికీ గీత లేదు. నీ బామ్మర్ది దాసన్న మాత్రం యాడికి పోయినాడో అయిపు లేదు. వాళ్ల నాయన నా కల్లంగడి గడప మీదనే తాగి సచ్చినాడు గదా. ఆ కడుపుమంట నాకు తెల్దా? వాడేనా?”

“దాసన్న కాదు. నేనే.”

మళ్లీ ఆట. ఈసారి ఎర్రగుండు సంచిలో పడింది.

“మూడు!” అని పిలిచాడు మారన్న.

బయట కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డ అతని పెళ్లాం ఎల్లక్కకు ఊపిరి వచ్చింది. ఎన్నేళ్లుగానో ఈ కొల్లప్ప మట్టి కొట్టుకుపోవాలని మొక్కిన మనిషి, ఇప్పుడు వాడి ప్రతి దెబ్బకూ గుండు పడాలని ఊళ్లోని దేవుళ్లందరికీ మొక్కుకుంటోంది. ఏం రాతరా భగవంతుడా! కానీ ఆ గుడ్డెద్దు గురి ఎన్నిసార్లని కుదురుతుంది? గుండు తప్పింది. కర్ర లేచింది. మళ్లీ తప్పింది. ఎముక విరిగిన చప్పుడు కిటికీ దాకా వినబడింది.

ఎల్లక్క తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. బొమ్మన్న మోచేయి పట్టి ఆపాడు.

“అబ్బా!” అని ఆమె పెట్టిన కేకకు తత్తరపడి వదిలేశాడు. అతని అరచేయంతా పసుపైంది.

కొల్లప్ప నవ్వాడు. “శుక్కురారమని మోచేతుల దాకా పసుపు మెత్తుకోనొచ్చినావేమ్మే! ఈడ మొగుడి పానం పోతాంటే నీకు ముత్తైదు సింగారమా?”

ఆమె వాడి వంక చూడనే లేదు. “పేరు చెప్పెయ్ మామా! నీ కాళ్లు మొక్కుతా, చెప్పెయ్. ఏమైతే అది కానీ, నాకు నీ పానం కావల్ల!”

“నోరు మూసుకో ఎల్లీ!” మారన్న నోట్లోంచి రక్తం జారింది.

“ఓహో, నీకూ తెలుసన్నమాట,” అన్నాడు కొల్లప్ప. “అయితే నువ్వే చెప్పు. ఈ చణమే కట్లిప్పిస్తా.”

ఎల్లక్క మొగుడి వైపే చూస్తూ అంది. “తన తల మీద నా చెయ్యి పెట్టించుకోని ఒట్టు ఏయించుకున్నాడు సామీ. నేను చెప్తే మనిషి దక్కడు. తానే చెప్పల్ల.”

“ఒట్టు తప్పినావంటే నా పీనుగనే సూస్తావు,” అన్నాడు మారన్న.

“సూడ్రా బొమ్మన్నా! మొగుడేమో బామ్మర్ది కోసం సస్తానంటాడు. ఇదేమో తోడబుట్టినోణ్ణి పట్టియ్యమంటాది!” కొల్లప్ప కర్ర ఎత్తి తలుపు వైపు చూపించాడు. “గెంటు దీన్ని.”

తలుపూ, కిటికీ రెక్కలూ మూసుకున్నాయి. తర్వాత ఎల్లక్కకు చప్పుళ్లే మిగిలాయి. గుండు అంచుకు కొట్టుకోవడం, కర్ర ఒంటి మీద పడటం, “చెయ్యెవరిది?” అన్న అరుపు, “నాదే” అన్న మూలుగు. గుండు పడినప్పుడు లెక్క పిలిచే గొంతు అంతకంతకూ సన్నబడింది. ఆ గొంతు వినబడినంతసేపూ మొగుడు ఉన్నట్టే.

కాసేపటికి ఎర్రగుండు సంచిలో పడిన చప్పుడు స్పష్టంగా వినిపించింది.

ఎల్లక్క కిటికీకి చెవి ఆనించి లెక్క కోసం ఎదురుచూసింది. లోపల ఎవరూ పిలవలేదు.

పొద్దు వాలకముందే ఏటి గట్టున మారన్నను మట్టి చేశారు. పట్టుమని పదిమంది కూడా రాలేదు. కొల్లప్ప భయం ఒకటి, ఎల్లక్క అన్న మాట ఊరంతా పాకడం ఒకటి. పక్కింటి హొన్నూరమ్మ ఆమెను ఇసుకలో తీసిన చెలమ దగ్గర కూర్చోబెట్టి గాజులు పగలగొట్టింది, బొట్టు చెరిపింది. కడుపులో మాట ఆపుకోలేకపోయింది.

“మొగుడు సచ్చినాడని ఏడుస్తాండా గానీ, నిన్ను సూస్తే ఒళ్లు మండుతాందే! తమ్ముని పేరు చెప్పమనేకి నీకు నోరెట్లొచ్చె?”

ఒట్టు పెట్టించుకున్న తల మట్టిలో ఉంది. ఇంక దాచేది ఎవరి కోసం? ఎల్లక్క రెండు చేతులూ తనే ముందుకు చాపింది.

ముత్తైదువ పసుపు తీసెయ్యడానికి హొన్నూరమ్మ ముంతతో నీళ్లు పోసి, మోచేతుల నుంచి కిందికి రుద్దింది. రుద్దుతున్న చెయ్యి ఆగిపోయింది.

పసుపు కింద చేతుల నిండా ఈతముళ్ల గాయాలు.