మెడో అంటే ఏమిటి?

"గేటు మీద ఏమని రాసుంది? మెడోస్ అని! మరి ఇక్కడేముంది? ఇప్పుడే గొరిగించుకొచ్చిన తలలా పొట్టి గడ్డి!" అపార్ట్‌మెంట్ల సంఘానికి కొత్తగా వచ్చిన సెక్రటరీ మాలి మీద విరుచుకుపడ్డాడు. "వానాకాలం అయిపోయేలోగా దీన్ని మెడో చేస్తావా, ఇంకో మాలిని చూసుకోమంటావా?"

"చేస్తాను సార్," అన్నాడు మాలి. అసలు మెడో అంటే ఏమిటో అతనికి తెలియదు. అడిగితే, అది కూడా తెలీదా అని ఇప్పుడే పొమ్మంటాడేమోనని భయం. ఉద్యోగం పోతే పంపు షెడ్డు పక్కనున్న గది కూడా పోతుంది. భార్యనీ కూతుర్నీ తీసుకుని ఎక్కడికి పోవాలి?

కాలేజీలో చదివే కూతురు ఇదంతా విని నవ్వేసింది.

"ఓస్, ఇంతేనా! నువ్వు వారం వారం కత్తిరిస్తున్నావే, అది లాన్ నాన్నా. పశువుల్ని తోలి మేపితే పాశ్చర్. మెడో అంటే గడ్డిని దాని మానాన వదిలేయడమే. మధ్యమధ్యలో పిచ్చి పూలు కూడా పూస్తాయి."

"కలుపు తీయకుండానా? చూసినవాళ్లు తిట్టరూ?"

"ఇంగ్లీషు పేరుంటే ఎవరూ తిట్టర్లే."

మాలి కోత మిషన్ మీద గోనెపట్టా కప్పేశాడు. కలుపు కనిపించినప్పుడల్లా చేతులు దురదపెట్టేవి. పంటి బిగువున ఓర్చుకున్నాడు. ఒక్కోరోజు భయమేసి మిషన్ దాకా వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చేవాడు.

వానలు పడ్డాయి. గడ్డి మోకాలెత్తు లేచింది. ఊదారంగు పూలు, వాటి మీద సీతాకోకచిలుకలు. సాయంత్రమైతే చాలు, ఫ్లాట్ల వాళ్లందరూ అక్కడే ఫోటోలు దిగుతున్నారు. ఎన్నడూ పలకరించని వాళ్లు కూడా "బాగుందోయ్" అంటుంటే మాలికి ప్రాణం లేచొచ్చింది.

సెక్రటరీ స్వయంగా వచ్చి భుజం తట్టాడు.

"శభాష్! నీళ్లు బాగా పెట్టినట్టున్నావే?"

"చుక్క పెట్టలేదు సార్. వానే చాలు."

"ఎరువు?"

"అస్సలు వేయకూడదు సార్!" మాలి గొంతులో హుషారు. పాపం, కూతురి పుణ్యమా అని ఇప్పుడు మెడో గురించి అతనికి తెలియనిది లేదు.

"మరి కోత?"

"ఏడాదికి ఒక్కసారి కోస్తే చాలు సార్!"

సెక్రటరీ మొహం వెలిగిపోయింది.

"ముందే చెప్పొద్దూ! అయితే రేపు గది తాళంచెవి ఆఫీసులో ఇచ్చేసి, మళ్లీ వచ్చే ఏడాది కోతకి రా."