క్యాలిక్యులేటర్ వెనక పదిహేడు

"సీటొచ్చింది!"

సుధీర్ కేకకి పెరట్లో బట్టలారేస్తున్న చెన్నమ్మ చేతిలోంచి దుప్పటి జారిపోయింది. అతను తల్లి దగ్గర ఆగలేదు. ఫోన్ పట్టుకుని నేరుగా వంటింట్లోకి పరిగెత్తాడు.

పిడుగురాళ్ల సున్నపురాయి క్వారీలో డిప్లొమాతో సూపర్‌వైజర్‌గా నెట్టుకొస్తున్నవాడికి, ఉద్యోగం మానకుండా సాయంత్రం పూట బీటెక్ చదివే అవకాశం. అదీ నరసరావుపేటలోనే, ఇంటికి కూతవేటు దూరంలో. క్లాసులు రేపటి నుంచే. వందన బజ్జీల పిండి కలుపుతున్నదల్లా అదే చేతులతో అతని బుగ్గలు పట్టుకుంది.

"ఇవాళన్నా పేరు పెట్టి పిలువు," అన్నాడు సుధీర్, బుగ్గల మీద శనగపిండితోనే. "'కంగ్రాట్స్ సుధీర్' అను. ఒక్కసారి."

"అమ్మో! అత్తయ్య వింటారు."

అతనికి ఉన్నది ఈ ఒక్క బెంగే. పెళ్ళయి కొత్తగా ఇంట్లో అడుగుపెట్టిన రోజు, ఆడపడుచులు గుమ్మానికి అడ్డం నిలబడి పేర్లు చెప్పిస్తే, "సుధీర్, నేను వచ్చాం" అంది వందన. తన పేరు అంత తియ్యగా ఉంటుందని అతనికి అప్పుడే తెలిసింది. మళ్ళీ అనిపించాలని అతను పడని పాట్లు లేవు. కానీ గుమ్మం దాటగానే చెన్నమ్మ కచ్చితంగా చెప్పేసింది: "మా ఇంట్లో మొగుడి పేరు ఎత్తరమ్మాయ్." వందన తలూపింది. తలూపిందంటే ఇక మాట తప్పే మనిషి కాదు.

అంతలో గట్టు మీదున్న వందన ఫోన్ కూడా టింగుమంది. ఏదో పొడుగు జాబితాని వేలితో జరుపుతూ చూసి, ఒకచోట ఆగి, పెదవి కొరుక్కుని, బోర్లా పెట్టేసింది.

"ఎవరే?"

"టైలర్ రేచలక్క. జాకెట్టు అయిందంట. రేపు నేతచీర కట్టుకోవచ్చు."

"రేపు నీకేంది విశేషం?"

"మీ మొదటి రోజు కదండీ. నేనూ వస్తా."

సాయంత్రం క్యాలిక్యులేటర్ కొనడానికి బయల్దేరారు. డిప్లొమా నాటిది క్వారీ దుమ్ము తినీ తినీ, ఏడు నొక్కితే చాలు నిద్రపోతోంది. వెళ్ళబోతూ వందన అత్తగారి చెవిలో ఏదో ఊదింది. చెన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు.

"ఏందమ్మా?"

"ఆడోళ్ళ మాటలు నీకెందుకురా? పో!"

జబ్బార్ భాయ్ కొట్లో, అద్దాల బీరువాలో అన్నిటికంటే పెద్దదాని మీద పడింది సుధీర్ కన్ను.

"అదివ్వు భాయ్. గ్రాఫులు గీసేది."

"మంచి సరుకు. ప్రోగ్రాములు, ఫార్ములాలు అన్నీ లోపల దాచుకోవచ్చు."

"ఇంకేం! లెక్కలు అదే చేస్తది. నేను పక్కన కూర్చుంటా."

"పరీక్ష హాలు గుమ్మం దగ్గరే లాక్కుంటారు," అంది వందన. "ప్రోగ్రాములు దాచేవి రానివ్వరు. ఆ 991 రకం చూపించన్నా. మాట్రిక్సులు, ఇంటిగ్రేషన్లు అన్నీ చేస్తుంది. ఈయనకి చాలు."

వందన చదివిందీ ఇంజనీరింగే. అతనికంటే రెండు మెట్లు పైకే చదివింది. ఇంట్లో ఆ ఊసెత్తదు గానీ, ఇలాంటప్పుడు దాగదు. తనకీ తెలుసని చూపించుకోవాలని సుధీర్ చకచకా నొక్కాడు. సైన్ ముప్పై. తెర మీద మైనస్ సున్నా పాయింట్ తొమ్మిది ఎనిమిది ఎనిమిది అని వచ్చింది.

"అర రావాలి కదా! డూప్లికేట్ అంటగడుతున్నావేంది భాయ్?"

"ఒరేయ్! నా కొట్లో డూప్లికేటా?" జబ్బార్ లేచి నిలబడ్డాడు.

"రేడియన్స్‌లో ఉందండీ. ఎవరో నొక్కి అలాగే వదిలేశారు." వందన డిగ్రీల్లోకి మార్చి ఇచ్చింది. మళ్ళీ నొక్కితే అర బుద్ధిగా ప్రత్యక్షమైంది.

సుధీర్ దగ్గి, ఆ సిగ్గు కప్పిపుచ్చుకోవడానికి క్యాలిక్యులేటర్ మూత తీసి చూశాడు. "ఈ మూత లోపల చీటీ భలేగా పడుతుంది."

"అందరికంటే ముందు చూసేది ఆ మూతేనండీ."

"నీకెట్లా తెలుసు?"

"నేను చదవలేదా ఏంటి?" అని వందన ఒక ఎర్ర పెన్ను తీసి పక్కన పెట్టింది. "ఇది కూడా ఇవ్వన్నా. తప్పులు దిద్దడానికి."

"వెనక పేరు గీకిస్తావా?" అడిగాడు జబ్బార్, సూది తీస్తూ. "క్లాసులో అందరి దగ్గరా ఇదే ఉంటది. మారిపోతాయి."

సుధీర్ కళ్ళు మెరిశాయి. "నాకు చెప్పడం రాదు భాయ్. ఆమెనడుగు."

జబ్బార్‌కి ఆట అర్థమైంది. "చెప్పమ్మా. మీ ఆయన పేరేంది?"

వందన ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. సూది తనే తీసుకుని గుండ్రటి అక్షరాలతో 'సుధీర్' అని గీకింది. కింద 17 అని గీకి, పొడి ఉఫ్‌మని ఊదింది.

"గట్టిదానివే!" సుధీర్ ఉసూరుమన్నాడు. "పదిహేడేంది మళ్ళీ?" అని తనే వెలిగిపోయాడు. "ఓహో, మన పెళ్ళి తారీకు!"

జబ్బార్ మొహమాటంగా అటు తిరిగి పెన్నులు సర్దాడు. వందన ఎర్ర పెన్ను తన సంచిలో వేసుకుంది.

తిరుగుదారిలో సుధీర్ బండి నెమ్మదిగా పోనిచ్చాడు. "ఇక్కడ అమ్మ లేదు. ఇల్లూ కాదు. ఒక్కసారి పిలువు."

"పిలుస్తా."

బండి టక్కున ఆగింది. "నిజంగా?"

"అత్తయ్యని అడిగే వచ్చా. 'ఇంట్లో కాదుగా, పిలుచుకో పో' అన్నారు."

"మరి పిలువు!"

"ఇప్పుడు కాదు. రేపు సాయంత్రం. అందరి ముందూ గట్టిగా."

"అందరి ముందా! చానా సిగ్గేస్తదే నాకు. నేనేం చెయ్యాలప్పుడు?"

వందన అతని భుజం మీద గడ్డం ఆనించి నవ్వింది.

"పదిహేడో నంబరు పిలవగానే 'ఎస్ మేడమ్' అనండి, చాలు."