తాత ఇచ్చింది

"వస్తున్నా అమ్మీ, ఒక్కసారి కాళ్లు తడుపుకుని" అని ఫోన్ పెట్టేసి, ఆఫ్రీన్ సముద్రం ముందు వంగింది.

వేళ్లతో నీళ్లు తాకి కళ్లకద్దుకుంది. నాలుగు చుక్కలు నెత్తిన చల్లుకుంది.

దుబాయ్ పక్కనున్న ఉమ్ అల్ క్వైన్ ఒడ్డున, చెప్పులు చేత్తో పట్టుకున్న ఒక ముసలామె ఆగి చూసింది.

"ఎవరు నేర్పారమ్మా నీకిది?"

"ఎవరూ నేర్పలేదు పెద్దమ్మా. మా తాత నుంచి వచ్చింది."

తాత పులికాట్‌లో పడవ నడిపేవాడు. ఆమె పుట్టకముందే పోయాడు. ఇంట్లో ఫొటో కూడా లేదు.

"పెద్దవాళ్ల జ్ఞాపకాలు రక్తంలో దిగుతాయని వందేళ్ల నాటి పిచ్చి డాక్టర్లు కొందరు అనుకున్నారు. మన ఇష్టంతో చేస్తున్నామనుకుంటాం, లోపల వాళ్లే చేయిస్తారట. రేపు కాలేజీలో దీని మీదే మాట్లాడాలి. నన్నే సాక్ష్యం పెట్టుకుంటా."

"పిచ్చి డాక్టర్ల మాట నమ్మేత్తావా?" ముసలామె నవ్వింది.

"మా సారూ నమ్మడు. కానీ తాత నాకిచ్చింది ఇదొక్కటే. ఇదీ కాదంటే నాకు తాతే లేడు."

నవ్వు ఆగింది.

"నీ పేరేటమ్మా?"

"ఆఫ్రీన్."

ముసలామె ఆ ముఖంలోకి చాలాసేపు చూసింది.

తర్వాత తనూ వంగి, నీళ్లు తాకి కళ్లకద్దుకుంది.

"అరె, మీరూనా!"

"మా గోదారోళ్లం అంతేనమ్మా. దణ్ణం పెట్టకుండా నీళ్లలో దిగం. రేపు పొద్దున్నే ఎగ్జిట్, ఊరికి పోతన్నా. దుబాయ్ ఖలాస్. ఈ ఒడ్డుకి చెప్పి పోదామని వచ్చా."

"మాది నెల్లూరు కదా. మరి నా దణ్ణం తాతదేగా?"

"మీ తాతదేనమ్మా." నీళ్లవైపు చూస్తూ అంది.

వెళ్లబోతూ వెనక్కి తిరిగింది.

"లోతుకి పోకు. ఎడం చెవిలో నీళ్లు పోతాయి."

మర్నాడు కాలేజీలో చప్పట్లు పడ్డాయి. సాయంత్రం ఆఫ్రీన్ ఇంట్లో అంతా పూసగుచ్చినట్టు చెప్పింది.

కుట్టుమిషన్ మీద తల్లి షాహీదా చెయ్యి ఆగిపోయింది.

"ఎడమ చెవి అందా?"

"అవును. ఆమెకెలా తెలుసు అమ్మీ?"

"ఇప్పుడెక్కడుంది?"

"పొద్దున్నే ఫ్లైట్ అంది. ఈపాటికి ఊరు చేరుంటుంది."

షాహీదా కళ్లు తుడుచుకుంది.

"నీకు రెండేళ్లప్పుడు ఆ చెవి చీము కారేది. నేను ఫ్యాక్టరీకెళితే, ఆ చెవిలో దూది పెట్టి, రోజూ నిన్ను చంకనేసుకుని ఆ ఒడ్డుకు తీసుకెళ్లింది పక్కగది వీరమ్మే బేటా."