నూటికి నూరు ప్లేస్‌మెంట్

"ఒరిజినల్స్ ఎందుకియ్యాలె? జిరాక్సులు సాలవా?"

శశికళ కూతురి సర్టిఫికెట్ల ఫైలును రెండు చేతులా పట్టుకుంది. బల్లకు అవతల కూర్చున్న కౌన్సెలర్ కుర్రాడు అదే ఫైలును తన వైపు లాగుతున్నాడు.

"సీటు బ్లాక్ చెయ్యాలంటే ఒరిజినల్సే కావాలె మేడం. సాయంత్రానికి ఒక్క సీటు గూడ ఉండదు."

అబిడ్స్‌లో ఒక ప్రైవేటు కాలేజీ అడ్మిషన్ ఆఫీసు, మూడో అంతస్తు. ఏసీ, అద్దాల గదులు, గోడ నిండా పట్టా టోపీలు పెట్టుకుని నవ్వే పిల్లల ఫొటోలు. జనం డబ్బుతో జనానికే చల్లగాలి!

శశికళకు ఉస్మాన్‌గంజ్‌లో ఎండుమిర్చి దుకాణం ఉంది. కూతురు రశ్మికి సర్కారు కాలేజీలో వ్యవసాయ అర్థశాస్త్రం డిగ్రీ సీటు వచ్చింది. నాలుగు గంటల్లోగా నాంపల్లి ఆఫీసులో ఒరిజినల్స్ ఇస్తేనే ఆ సీటు నిలుస్తుంది. ఇప్పుడు మూడూ పది. ఈ ప్రైవేటు కాలేజీ వాళ్లేమో నాలుగు రోజులుగా ఫోన్ల మీద ఫోన్లు చేసి, మా దగ్గరా అదే చదువు, పైగా నౌకరీ గ్యారంటీ అని ఊదరగొట్టి, సరిగ్గా ఈ రోజే ఇక్కడికి రప్పించారు. నౌకరీ అన్న మాట వింటే ఏ తల్లి మెట్లెక్కదు?

"గా సర్కారు కాలేజీ ఏడనో జిల్లాల ఉంది మేడం. చదువైనంక నౌకరి ఎవరిస్తరు? మా దాంట్ల నూటికి నూరు ప్లేస్‌మెంట్."

"మరి ఫీజు? గాడ నాలుగేండ్లకయ్యేది గీడ ఆర్నెల్లకే సాలదు!"

"క్వాలిటీ మేడం..."

"అన్నా, మీ కాలేజీల ఎకనామిక్స్ చెప్పేటోళ్లు ఎంతమంది?" అని రశ్మి అడిగింది.

కౌన్సెలర్ బ్రోచర్ తిప్పి ఈతకొలను బొమ్మ చూపించాడు.

రశ్మికి ఒళ్లు మండింది. "కొత్త మిర్చి రాంగనే ధర పడ్తది. రైతు అమ్ముకొని పోయినంక లేస్తది. గదెందుకో తెలుసుకుందామని నేనొస్తే, ఈత నేర్పుతరా?"

"నౌకర్లు దొరికినోళ్ల లిస్టు తియ్యి బాబూ," అంది శశికళ. "ఫోన్ నంబర్లతోని తియ్యి. ఉన్నదా లేదా?"

ఉండకేం, ఉంది. నున్నటి కాగితం మీద ఇరవై పేర్లు, ఇరవై హోదాలు, ఇరవై నంబర్లు. అన్నిటికన్నా పైన 'రవికిరణ్, సీనియర్ అనలిస్ట్' అని బంగారు రంగు అక్షరాల్లో అచ్చేశారు.

శశికళ పై పేర్ల జోలికే పోలేదు. దుకాణంలో ఆమె ఏనాడూ బస్తా మూతి దగ్గరి సరుకు చూసి బేరమాడదు. పైన ఎర్రగా మెరిసే కాయ పోసి, అడుగున తెల్లబారిన తాలు కాయ నింపే వాళ్లను ఇరవై ఏళ్లుగా చూస్తోంది. మోచేతి దాకా చెయ్యి పెట్టి, అడుగు నుంచి పిడికెడు తీయాల్సిందే. ఇక్కడా అంతే. చివరి పేరుకు ఫోన్ కలిపింది. లోయిస్, మార్కెటింగ్ ఎగ్జిక్యూటివ్.

"నమస్తే మేడం! అడ్మిషన్ గురించేనా?"

ఆ గొంతు ఫోన్లోనూ వినిపించింది, అద్దం అవతల రిసెప్షన్ లోంచీ వినిపించింది. ఇందాక వీళ్ల పేర్లు రాసుకున్న అమ్మాయే! ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని బిక్కచచ్చి ఇటే చూస్తోంది.

శశికళ ఆ ఫోన్ కట్ చేసి, లిస్టులో దానికి పైనున్న నంబరు నొక్కింది. ఎల్లేష్, ఫీల్డ్ ఆఫీసర్.

"మొజంజాహీ మార్కెట్ కాడ ఉన్న మేడం. ఐస్‌క్రీం తినేటోళ్లకు మన కాలేజీ కరపత్రాలు పంచుతున్న. మీ దిక్కు రావాల్నా?"

"థూ!" శశికళ కుర్చీ వెనక్కి తోసి లేచింది. "గిదా మీ ప్లేస్‌మెంట్? నాలుగేండ్లు ఫీజులు గుంజి, చదివిన పిల్లల్నే ఎరలేసి ఇంకొందరిని పడ్తరా? మిర్చిల తాలు కలిపినోడు గూడ మీకన్న నయం! సిగ్గుండాలె మనిషికి!"

మూల క్యాబిన్లో కాలేజీ ఓనర్ విద్యాసాగర్ తల ఎత్తి చూశాడు.

"జర మెల్లగ మేడం," అన్నాడు కౌన్సెలర్. అతని నుదుట చెమట పట్టింది. "వాళ్లిద్దరే గిట్ల. మిగతోళ్లందరు పెద్ద పెద్ద కంపెనీలల్ల ఉన్నరు."

"అట్లనా? అయితే మీ మొదటోణ్ని గూడ చూస్త."

"ఆయనకొద్దు మేడం! బెంగళూరుల మీటింగ్ల ఉంటడు, ఎత్తడు."

"ఎత్తకుంటే ఎత్తకపాయె," అంటూనే ఆమె నంబరు నొక్కేసింది.

కౌన్సెలర్ జేబులో ఫోన్ మోగింది.

రశ్మి నోరు తెరిచింది. అతను క్యాబిన్ వైపు వీపు తిప్పుకుని ఫోన్ చెవికి ఆనించాడు. రెండో చేతిని ఫైలు మీంచి తీసేశాడు. మూరెడు దూరంలో ఉన్న మనిషి మాట శశికళకు ఫోన్లో గుసగుసగా వినిపించింది.

"ఫోన్ పెట్టకుండ్రమ్మా, కోపంగ ఉన్నట్టే ఉండుండ్రి. ఫైలు తీస్కొని జల్దీ నాంపల్లికి పోండ్రి, ఇంకా టైమున్నది. నా ఒరిజినల్స్ ఐదేండ్ల సంది గీ సార్ బీరువాలనే ఉన్నయ్."